కళ్లు మూసుకుని తియ్యండి

ఆ హార్డ్‌వేర్ దుకాణంలో తాళాల కౌంటర్ వెనక ఇరవై రెండేళ్లుగా ఆవిడే. చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆవిడ తాళాలక్క. కౌంటర్ మీద ఒక తలుపు ముక్క నిలబెట్టి ఉంటుంది. దానికి రకానికొకటి చొప్పున తాళాలు, గడియలు బిగించి ఉంటాయి. ఎవరొచ్చినా ఆవిడ ముందు ధర చెప్పదు. చీకట్లో సరుకులతో ఇంటికొచ్చినట్టు మేకులు నింపిన సంచి ఒకటి వాళ్ల ఎడమ చేతికి తగిలించి, "ఇప్పుడు కళ్లు మూసుకుని తియ్యండి" అంటుంది.

ఈ అలవాటు ఆవిడకి ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మూస్తే దానంతటదే పడిపోయే తాళం ముచ్చటపడి ఇంటికి బిగించుకుంది. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, చెత్తబుట్ట బయట పెట్టడానికి రెండడుగులు వేసింది. గాలికి తలుపు పడింది. పాలు లోపల, తాళంచెవి లోపల, తాళాలమ్మే మనిషి బయట. ఎదురింటాయన భుజంతో మూడుసార్లు గుద్దేసరికి తాళం చెక్కుచెదరలేదు గానీ ద్వారబంధంలో తాళం నాలుక దూరే రేకు మరలతో సహా ఊడొచ్చింది. గిన్నె మాడిపోయింది. తాళాల గురించి తనకు తెలిసిందంతా ఆ పూటే నేర్చుకున్నానంటుందావిడ.

మొన్నొక ఉదయం ఒక బస్సు డ్రైవరు వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పక్కింట్లో దొంగలు పడ్డారక్కా! మూడు నాలుకల తాళం ఇవ్వు. పైనో గడియ, కిందో గడియ, ఓ గొలుసు."

"కందకం మర్చిపోయావురా," అన్నాడు తండ్రి.

పెద్దాయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. ఇప్పుడా వేళ్లు బిగుసుకుపోయాయి. కొడుకు తెల్లారకముందే డ్యూటీకి పోతాడు, కోడలు ఎనిమిదింటికి. ఆ తర్వాత తలుపు దగ్గరగా లాగి, పార్కులో స్నేహితుల బెంచీకి వెళ్లి రావడమే పెద్దాయన రోజు.

తాళాలక్క సంచి కొడుక్కి ఇవ్వలేదు. తండ్రి చేతికి తగిలించింది.

మూడు నాలుకల తాళంలో చెవి రెండు చుట్లు తిప్పాలి. ఒక చుట్టుకే ఆయన వేళ్లు జారాయి. రెండోసారీ అంతే. మూడోసారి తాళంచెవి కిందపడింది.

"నువ్వెందుకు తియ్యడం నాన్నా? మధ్యాహ్నం నేనొచ్చి తీస్తాగా!"

"అందాకా తలుపుకి నేను కాపలానా, నాకు తలుపు కాపలానా?"

డ్రైవరు తాళంచెవి తీసివ్వడానికి వంగి, కాస్త ఎక్కువసేపే వంగి ఉన్నాడు.

తాళాలక్క ఇంకో తాళం చూపించింది. ఒకటే నాలుక, బొటనవేలంత లావు. లోపలివైపు చెవి లేదు. అరచేతితో నెడితే తిరిగే వెడల్పాటి పిడి ఉంది. బయటి తాళంచెవి తలకి గరిటె పిడంత రబ్బరు తొడుగు వేసింది. పెద్దాయన కళ్లు మూసుకుని టక్కున తీశాడు. వేశాడు. మళ్లీ తీశాడు.

"ఇంత తేలిగ్గా వస్తే దొంగకీ రాదూ?" అన్నాడు డ్రైవరు.

"పిడి లోపల కదా తమ్ముడూ! దొంగ బయటనుంచి తోస్తాడు. తోస్తే ముందు పోయేది ద్వారబంధం, నన్నడుగు." దళసరి రేకు, గోడదాకా దిగే నాలుగంగుళాల మరలు తీసి ముందు పెట్టింది. తర్వాత టేపు తెచ్చి నేల నుంచి పెద్దాయన కళ్లదాకా కొలిచింది. "బయటెవరున్నారో చూసే అద్దపు కన్ను తలుపుకి ఈ ఎత్తులో పెట్టించు. నువ్వు వంగగలవు. బాబాయిగారు సాగలేరు."

తొమ్మిది రోజుల తర్వాత పెద్దాయన ఒక్కడే వచ్చాడు. ఒక్కడే అంటే కొడుకు లేకుండా. వెనకాల బెంచీ స్నేహితుడొకాయన ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"తలుపు ఎలా ఉంది బాబాయిగారూ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మాయ్. మావాడు ఎవరొచ్చారో చూడాలంటే నడుం వంచాలి. బయట పేపరు వాడున్నా లోపల మావాడు దండం పెడుతున్నట్టే ఉంటుంది." పెద్దాయన వెనక్కి తిరిగాడు. "వీడికీ ఒక తాళం కావాలిట. గొలుసు, గడియ అంటున్నాడు."

తాళాలక్క నోరు తెరిచేలోపే కౌంటర్ పక్కనున్న మేకుల సంచి తీసి స్నేహితుడి ఎడమ చేతికి తగిలించేశాడు.

"ముందు కళ్లు మూసుకో," అన్నాడు.