నర్సమ్మ దండెం

మా ఊళ్లో సూదులు వేసి గోలీలు ఇచ్చే సర్కారు నర్సమ్మ పోయిందని పాలామె చెప్పింది. జ్వరమని సోమవారం భువనగిరి దవాఖానకు పోయిన మనిషి గురువారానికి లేదు. అటునుంచి అటే అన్నగారి ఊరికి తీసుకుపోయారట. కడసారి చూపు కూడా దక్కలేదు. నేను నాలుగో తరగతి దాకే చదివిన దాన్ని. ఇటువంటి సంగతి కాగితం మీద పెట్టొచ్చా అని రెండు రోజులు భయపడ్డాను. మనుమరాలిని ఫోన్లో అడిగితే, "రాయి అవ్వా, నా పేరొక్కటి పెట్టకు" అన్నది.

నర్సమ్మ ఎవరింటికి వచ్చినా చెప్పులు వీధివైపు తిప్పి విడిచేది, లేచిపోవడానికి తయారుగా. పెన్ను కొప్పులో గుచ్చుకునేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, అరుగే కావాలి. కుండలో నీళ్లు అడిగి తాగేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. కూతురూ అల్లుడూ పట్నంలో కూలికి పోతే మనుమరాలు నా దగ్గరే ఉండి ఏడో తరగతి చదువుతోంది. ఒక్కసారిగా పొడుగు సాగింది. పూటకు నాలుగు జొన్నరొట్టెలు తింటుంటే నాకు గుబులు. దిష్టి తీసి, మూడో రొట్టె దగ్గరే ఆపేదాన్ని. పెరిగే పిల్ల ఆకలికి అడ్డం పడొద్దని నర్సమ్మ మెల్లగా చెప్పి పోయేది.

ఆ ఏడే పిల్ల పెద్దమనిషైంది. మూలకు కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం దంచి పెట్టి, అన్నీ పద్ధతిగానే చేశాను. గుడ్డల దగ్గరికి వచ్చేసరికి నా పాత భయం లేచింది. ఆ గుడ్డ మీద పాము పాకితే ఆడపిల్లకు కడుపు పండదని మా అమ్మ చెప్పింది. అందుకే ఉతికిన గుడ్డలు ఎవరి కంటా పడకుండా బర్రెల కొట్టంలో, గోనెసంచి చాటున ఆరేయించాను. వానాకాలం. అవి ఎన్నడూ సరిగా ఆరలేదు. ముక్కవాసన వచ్చేవి.

కొన్ని నెలలకు పిల్ల బడి మానింది. కడుపునొప్పి అనేది. నేను కనబడిన దేవుడికల్లా మొక్కాను. గోలీలు పంచను పోతే బడిలో పిల్ల కనబడలేదని నర్సమ్మే వచ్చి, లోపలికి తీసుకుపోయి మాట్లాడింది. తడి ఆరని గుడ్డలకు తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయట. నెల రోజులు నాకు చెప్పని మాట ఆమెకు రెండు నిమిషాల్లో చెప్పింది. అవ్వకెందుకు చెప్పలేదని అడిగితే, "అవ్వ ఫికర్ పడతది" అన్నదట.

నర్సమ్మ కొట్టంలోకి పోయి ఆ గుడ్డలు తెచ్చి, వాకిట్లో ఎండపడే దండెం మీద వేసింది. వీధి నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లంతా చూస్తున్నారు. నేను ఉరికిపోయి ఒక గుడ్డ గుంజుకున్నాను. పాము సంగతి చెప్పాను.

"పాము చీకట్ల ఉంటదా అవ్వా, ఎండల ఉంటదా?"

నల్లా దగ్గర ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. నర్సమ్మకు పిల్లలు కలగలేదు. ఆ నెపంతోనే భర్త విడిచిపెట్టాడని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"ఎండల ఆరేసుకున్న నీ కడుపేమన్న పండిందా?" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. నర్సమ్మ నా చేతిలోని గుడ్డ తీసుకుని, దులిపి, మళ్లీ దండెం మీదే వేసింది.

"రేపు తొమ్మిదింటికి పిల్లను తయారు చెయ్యి. చిట్యాల దవాఖానకు నేనే తీసుకపోత."

తీసుకుపోయింది. పదిహేను రోజుల్లో పుండ్లు మానాయి. పిల్ల బడికి పోయింది.

ఆ తర్వాత ఆమె ముఖం మార్చుకుని ఉంటే కాళ్లు పట్టుకునేదాన్నేమో. మార్చుకోలేదు. నెలనెలా వచ్చి అదే అరుగు మీద కూర్చుని, అవే నీళ్లు అడిగేది. ఒకసారి, ఆ దినం నేనన్న మాట, అని మొదలుపెట్టాను. "గుడ్డలు ఎండుతున్నయా అవ్వా?" అని అడిగి చెప్పులు వేసుకున్నది. మళ్లీ ఎత్తితే ఆమెకు ఇంకా నొప్పి అవుతుందేమో, ఎత్తకపోతే నేను మరిచిపోయాననుకుంటుందేమో. ఈ రెండు భయాల మధ్యే ఇన్నేళ్లు పోయాయి.

నిన్న ఆమె కిరాయి ఇంటికి పోయాను. తాళం వేసి ఉంది. దవాఖానకు పోయేనాడు ఉతికి ఆరేసిన తెల్లచీర వాకిట్లో దండెం మీద అట్లాగే ఉంది. వాన వస్తుందేమో, గాలికి కొట్టుకుపోతుందేమో అని తీయబోయి చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. తీయలేదు. కొంగు మడతపడి ఉంటే విప్పి, గోడ నీడ పడని వైపుకు జరిపి వచ్చాను.