రెండు గీతలు, ఒక చుక్క

ఆ రోజుల్లో నాకు బుద్ధి తక్కువ, గొంతు ఎక్కువ. ఫోన్‌లో మాట్లాడితే అవతలివాళ్ళకి తప్ప పక్కవాళ్ళకి వినపడదని గట్టి నమ్మకం. తెనాలిలో ఓ చిన్న ఆఫీసులో జావా ప్రోగ్రాములు రాసేవాణ్ణి (రాసింది తక్కువ, దిద్దుకున్నది ఎక్కువ). రేపల్లెలో పెళ్ళిచూపులు కుదిరాయి. ఫొటోలోనే అమ్మాయి తెగ నచ్చేసింది. ఈ సంబంధం తప్పిపోతే ఇక బతకడం దండగ అనుకున్నాను. అమ్మానాన్నలు పొద్దున్నే వెళ్ళిపోయారు. నేను పని ముగించుకుని మధ్యాహ్నం రేపల్లె రైలెక్కాను.

వేమూరు దాటగానే ఫోను. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, మేం చిట్టి అని పిలిచేవాళ్ళం. ఓ బడివాళ్ళ జాబితాలో పిల్లల పేర్లలో ఇంటిపేరు అక్షరం పక్కనుండే చుక్కలు తీసేయమంటే, నేను రాసిన ప్రోగ్రాం పేర్లకి పేర్లే తుడిచిపెట్టేసిందట. చిట్టి ఒకటే ఏడుపు. ప్రోగ్రాంలో అలాంటి చోట ఉత్త చుక్క పెడితే ‘ఏ అక్షరమైనా’ అని అర్థం. అచ్చంగా చుక్కే కావాలంటే ముందు ఏటవాలు గీత పెట్టాలి, జావాలో అయితే రెండు. ఇదంతా నాకు తెలుసు. ఎదురుగా బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకి తెలియదు.

“ఏడవకు చిట్టీ. ఎన్ని గీతలున్నాయి? ఒకటేనా? ఒకటైతే లాభం లేదు, రెండుండాలి,” అన్నాను. “మళ్ళీ చూడు. రెండూ వచ్చాయా? హమ్మయ్య. తప్పు నాదే, సార్‌కి నేను చెప్తాలే. ఇప్పుడు రాలేను, పెళ్ళిచూపులకి వెళ్తున్నా.”

పెద్దావిడ “ప్రభువా” అని లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది.

స్టేషన్ పంపు దగ్గర మొహం కడుక్కుని, తల దువ్వుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి తలుపు తీసింది ఆవిడే. అమ్మాయికి పెద్దమ్మట. రైల్లో విన్నదంతా అప్పటికే అందరికీ చెప్పేసినట్టుంది. మా అమ్మ తలెత్తడం లేదు. కాజాల పళ్ళెం లోపలికి వెళ్ళిపోతోంది.

“ఆ చిట్టి ఎవరు బాబూ?” అన్నారు అమ్మాయి నాన్నగారు.

చెప్పాను. చుక్కలన్నాను, గీతలన్నాను. చెప్పేకొద్దీ వాళ్ళ మొహాలు ఇంకా బిగుసుకున్నాయి. అంతలో గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి (బాపట్లలో ఇంజనీరింగ్ చదివింది, దేవుడున్నాడు) నెమ్మదిగా అడిగింది.

“ఒక్క గీతే పెడితే ఏమవుతుందండి?”

“కంపైలే అవదండి, ప్రోగ్రాం మొదలే కాదు.”

“నిజమే పెద్దమ్మా, జావాలో రెండు పెట్టాలి,” అంటూ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. కాజాలు వెనక్కి వచ్చాయి.

పెళ్ళయిన మరుసటేడు ఓ ఉదయం మా ఆవిడ మందుల షాపులో కొన్న ఓ చిన్న పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు గీతలు. “కంపైల్ అయిందండి,” అంది. సంతోషం పట్టలేక పెద్దమ్మగారికి ఫోన్ చేసి, రెండు గీతలు వచ్చాయండి అని అరిచాను.

“ఎవరికి బాబూ?” అందావిడ.

ఇప్పుడు రైల్లో ఫోనొస్తే తలుపు దగ్గరికి వెళ్ళి గుసగుసగా మాట్లాడతాను. అంత గొంతూ అంత ధీమా ఉన్న ఆ కుర్రాడు రేపల్లె దారిలో భట్టిప్రోలు దగ్గరెక్కడో దిగిపోయినట్టున్నాడు.