ద్రాక్షతోటలో మనమెటువైపు

శుక్రవారం సాయంత్రం గోపన్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరి ఇంట్లో క్రైస్తవులం చేరే గృహ కూడిక ఉంటుంది. పాటలు, బైబిలు వాక్యం, ఎవరి కష్టం వాళ్లు చెప్పుకునే ప్రార్థన అంశాలు, చివర్లో భోజనం. ఐటీ వాళ్లమే ఎక్కువ, ఇద్దరు ముగ్గురు నర్సులు కూడా వస్తారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మాకు పెద్ద.

ఈ కూడికలో నేను పెట్టించిన నియమం ఒకటుంది. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. భార్య లోబడి ఉండాలన్న వాక్యాన్ని ఒక హెచ్చార్ మేనేజరు గారు తన భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని తీరిగ్గా వివరిస్తుంటే నాకు ఒళ్లు మండింది. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. కోడ్ రాసినవాడి చేతికే దాని పరీక్ష అప్పగించం, వాడి తప్పు వాడి కంటికి ఆనదు. "ఇకనుంచి తమకు అనుకూలంగా ఉన్నవైపు నుంచి ఎవరూ వాక్యం చదవద్దు, అవతలివాళ్ల వైపు నిలబడి చదవాలి" అన్నాను. మేనేజరు గారి మొహం మాడిపోయింది. ఆయన భార్య మాత్రం పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దాయన "భలే ఉందండీ" అని అప్పటికప్పుడే ఖాయం చేసేశారు.

నేను చెప్పబోయే శుక్రవారం కూడిక మా ఇంట్లోనే. మా తమ్ముడు మాతోనే ఉంటాడు. కోకాపేటలో వాడు చేస్తున్న ఉద్యోగం పోయింది. సంగతి నాకొక్కదానికే తెలుసు. కంపెనీ వాళ్లు లాప్‌టాప్ తీసేసుకున్నా, బ్యాగు భుజాన తగిలించుకుని రోజూ పొద్దున్నే బయల్దేరేవాడు. కూడికలో ప్రార్థన అంశాలు అడిగితే "ఏం లేవు" అనేవాడు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూనే నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"ఇగ కూడికకు రాను అక్కా. అందరు ఏ ప్రాజెక్టని అడుగుతుండ్రు. దేవుని ముంగట కూసొని ఎన్ని అబద్ధాలు చెప్పాలె? మనింట్ల గాబట్టి ఈ ఒక్కరోజు కూసుంట. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. కానీ ఊళ్లో వాడికి మేము కాక ఉన్నది ఆ కూడిక వాళ్లే.

ఆ రోజు వాక్యం ద్రాక్షతోట కూలీలది. యజమాని పొద్దున కొందరిని పనికి పిలుస్తాడు, మధ్యమధ్యలో వెళ్లి ఇంకొందరిని, పొద్దు వాలాక మిగిలినవాళ్లని. చివరికి అందరికీ ఒకే కూలి. చదవడం అవగానే గదిలో గొణుగుడు మొదలైంది. మాకందరికీ ఉద్యోగాలున్నాయి, ఏటా జీతాల అప్రైజల్లో దెబ్బలు తిన్నవాళ్లం, పొద్దుటి కూలీల బాధ మా బాధే అయిపోయింది. పెద్దాయన నియమం గుర్తుచేశారు.

"మనం సాయంత్రం వచ్చినవాళ్ల వైపు నిలబడాలి కదండీ?"

"నిలబడతానండి" అన్నారు మేనేజరు గారు. "నేను ఆ సాయంత్రం కూలీనే అనుకోండి. ఆలస్యంగా లేచి ఉంటాను. పని నేర్చుకుని ఉండను. అయినా దేవుడు నా బద్ధకాన్ని క్షమించాడు. కృప అంటే అదేనండి!"

అందరూ ఆమెన్ అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ కూలీలు బద్ధకస్తులని అక్కడ ఎక్కడుంది? ఎందుకు ఖాళీగా ఉన్నారంటే, ఎవరూ పిలవలేదని వాళ్లే చెప్పారు. ఆ ముక్క ఇప్పుడే అందరం పైకి చదివాం. మనిషిని అవతలివైపు కూర్చోబెట్టగలిగానే గాని, వాడు వెంట తెచ్చుకున్న కళ్లను నా నియమం మార్చలేకపోయింది. నోరు తెరవబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకున్నాను.

"వాళ్లు లేటుగ రాలే సార్" అన్నాడు తమ్ముడు.

అందరూ వాడివైపు తిరిగారు.

"చందానగర్‌ల కూలీల అడ్డా ఉంటది. నేను రోజూ ఆడనే కూసుంటున్న. మేస్త్రీలు వచ్చి ముందుగాల గట్టిగున్నోళ్లను తీస్కపోతరు. మిగిలేది ముసలోళ్లు, నడుం నొప్పోళ్లు. వాళ్లు గూడ తెల్లారకముందే వచ్చినోళ్లే సార్. పనికి పోయినోనికి పని దొరికిందన్న నిమ్మళం ఉంటది. నిలబడ్డోనికి ఏముంటది? ఇంటికి పోయి ఏం చెప్పాలె అన్న ఫికరే."

ఎవరూ ఆమెన్ అనలేదు. పెద్దాయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నువ్వు రోజూ అక్కడెందుకు కూర్చుంటున్నావు బాబూ?"

"నా ఉద్యోగం పోయిందండి. ఇదే నా ప్రార్థన అంశం."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. సిగ్గుపడలేదు. పెద్దాయన వాడి తలమీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేశారు.

భోజనాలకి చాపలు పరుస్తుంటే, మేనేజరు గారు గోడవారన ఉన్న తమ్ముడి బ్యాగు పక్కన పెడదామని వంగారు. బరువుంటుందనుకుని గట్టిగా లాగితే అది దూదిలా లేచి ఆయన ఛాతీకి తగిలింది. ఆ ఖాళీ బ్యాగును తెచ్చి, రెండు చేతులతో వాడికి అందించారు.

"వచ్చే శుక్రవారం మా ఇంట్లో బ్రదర్. వాక్యం నువ్వే చెప్పాలి."

తమ్ముడు నావైపు చూశాడు.

"వస్త సార్" అన్నాడు.