యాదమ్మకు రాని వీసా

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. విదేశీ టూర్లు వేస్తుంటాను. జీతాలు పెరిగిన ఏడాది ఫోన్లు ఆగవు. డాలర్ పెరిగిందంటే ఒక్కరూ పలకరు.

చైతన్యపురిలో ఒక హాస్టల్లో వంట చేసే యాదమ్మ, చిట్టీ ఎత్తి, సింగపూర్ టూర్‌కు ఒక్కతే పేరిచ్చింది. నల్గొండ వైపు పల్లె ఆమెది. సింగపూరే ఎందుకమ్మా అని అడిగాను. ఇన్నేళ్లూ అందరికీ వండి పెట్టిందట, ఎవరో వండి వడ్డిస్తే దూరదేశంలో కూర్చుని తినాలని ఉందట. పక్కింటివాళ్లు వెళ్లారని వచ్చేవాళ్లనే చూసిన నాకు, తన కోసం తాను వచ్చిన ఆమెను చూస్తే ఎంతో ముచ్చటేసింది.

ఇంతలో డాలర్ ఎగబాకింది, విమానం టికెట్లూ పెరిగాయి. నేనేమో ముందే ఒక ధరకు ఒప్పుకున్నాను. ఒంటరిగా వచ్చే మనిషికి గది మొత్తం ఇవ్వాలి, ఆ ఖర్చు నా నెత్తినే పడుతుంది. ఉన్న మాట ఆమెకు చెప్పొచ్చు కదా? చెబితే అదే టూర్‌కు వచ్చే మిగతా కుటుంబాలకు తెలిసి నా పరువు పోతుందనుకున్నాను. వీసాకు ఆమె కాగితాలు అసలు పంపనే లేదు. ఆమె కట్టిన డబ్బు తిరిగిచ్చేందుకు హాస్టల్‌కు వెళ్లి, వీసా రాలేదని చెప్పి తలదించుకున్నాను.

"ఆళ్ల దేశం, ఆళ్లిష్టం. మీరెందుకు పరేషానైతున్నరు సార్? జర చాయ్ తాగి పోండ్రి" అంది.

తాగాను. తన ఆశ పోయిన పూట నన్ను ఓదార్చింది. అంత పెద్ద మనసు నాకు మళ్లీ ఎక్కడా కనిపించలేదు. పైగా, సార్ నా కోసం చానా తిరిగిండు అని ఎందరినో నా దగ్గరికి పంపింది.

ఇప్పుడు కొన్ని దేశాలకు వీసా కూడా అక్కర్లేదు, టూర్ డబ్బులు వాయిదాల్లో కట్టొచ్చు. యాదమ్మ తమ్ముడు ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతాడు, అతనే భార్యతో బ్యాంకాక్ వెళ్లొచ్చాడు. మొన్న యాదమ్మ కనిపిస్తే నువ్వూ వెళ్లమ్మా అన్నాను. వద్దంది. ఒకసారి కాదన్నాక పాస్‌పోర్టుకు మచ్చ పడుతుందట, ఎయిర్‌పోర్టులో అందరి ముందూ వెనక్కి పంపితే సిగ్గట. నీ పాస్‌పోర్టుకు ఏ మచ్చా లేదమ్మా అనబోయి ఆగాను. అంటే, మరి అప్పుడేమైంది సార్ అని అడగదూ?

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు. ఆమె ఇంకా అందరికీ వండిపెడుతూనే ఉంది. ఆమెను ఏ దేశమూ కాదనలేదు. నేనే కాదన్నాను.