మేస్త్రీ మావయ్య మీద పగతో వేసిన షెడ్డు

మా గోడ అవతలి మేస్త్రీ మావయ్య మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కొళాయి దగ్గర ఆ మాట వినేసరికి బిందె సగమే నిండింది, అలాగే వదిలేసి వచ్చేశాను. ఏడుపొచ్చింది. అంతకంటే ముందు కోపమొచ్చింది. పదేళ్ళుగా ఆయన మీద నాకో పగ ఉంది, అది తీరకుండానే వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ముందు నా పగ సంగతి చెప్పనివ్వండి.

కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గర మాది ఒకటే గది. మా ఆయన హార్బర్లో కళాసీ. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే, నా కుట్టుమిషన్ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. మిషన్ ఆపేస్తే జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఇంకో చోటికి పోతారు. పెళ్ళయ్యాక నాదంటూ మిగిలిన పని అదొక్కటే. అందుకని పెరట్లో చిన్న రేకుల షెడ్డు వేసిపెట్టమని మావయ్యని అడిగాను.

ఆయన బీడీ ఆర్పి, "సరుగుడు కర్రలకీ రేకులకీ మేస్త్రీ ఎందుకే? తాళ్ళతో కట్టీమను మీ ఆయన్ని" అన్నారు.

"ఆయనకి తీరికేదీ? నానే ఏసుకుంతాను" అన్నాను ఉక్రోషంగా.

వీధంతా వినేలా నవ్వారు. "నువ్వేసిన షెడ్డులో కోడి కూడా పడుకోదు కోడలా!"

ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని నా షెడ్డులో కూర్చోబెట్టి ఆ నోటితోనే "బాగుంది" అనిపించాలని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

పలుగు పట్టి గోతులు నేనే తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన గోడ అవతల మంచం వేసుకుని చూసేవారు. నాతో అనేవారు కాదు, వాళ్ళావిడతో, అంటే అత్తతో, అన్నట్టు గట్టిగా అనేవారు. "ఇదిగో, గోతిలో రాళ్ళు కూరకండా ఒట్టి మట్టి పోత్తే కర్ర ఊగుతాది. కొంతమందికి తెల్దు పాపం." విననట్టు నటించి, ఆయన లోపలికెళ్ళాక రాళ్ళు కూరేదాన్ని. రేకు మీద మేకులన్నీ ముడతల పల్లంలో కొట్టాను, అక్కడైతే రేకు కర్రకి ఆనుకుని ఉంటుంది, సులువు. మర్నాడు మళ్ళీ గోడ అవతలి నుంచి గొంతు. "నీళ్ళు పారీది పల్లంలోనే కదేటి! మేకు గట్టు మీద కొట్టాలని ఎవులికి సెప్పాలే?" మేకులన్నీ పీకి, చిల్లులకి తారు పూసి, గట్టు మీద కొట్టాను. ఒక్కో దెబ్బా ఆయన నెత్తిన వేస్తున్నట్టే కొట్టాను. నాకు ఆ పని నేర్పింది ఆయనేనని ఇవాళ ఒప్పుకుంటున్నాను. అప్పుడు ఒప్పుకునేంత మంచిదాన్ని కాను.

ఎందుకంటే అసలు కసి అంతా కప్పు వాలులో పెట్టాను. మన చూరు నీళ్ళు పక్కవాళ్ళ దొడ్లో పడకూడదన్న కట్టుబాటు మీకు తెలిసిందే. నాకూ తెలుసు. తెలిసే వాలు ఆయన వైపు పెట్టాను. తొలివానకి నీళ్ళు ధార కట్టి సరిగ్గా ఆయన మంచం వేసుకునే చోట పడ్డాయి. కొంగు బిగించి పోట్లాటకి సిద్ధంగా గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన నింపాదిగా రెండు డ్రమ్ములు దొర్లించుకొచ్చి చూరు కింద పెట్టారు. వీధి కొళాయి రెండు రోజులకోసారి వచ్చే కాలమది. "ఇంకో రెండు రేకులు ఎయ్యి కోడలా, రెండో డ్రమ్ము నిండనేదు!" అన్నారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

షెడ్డులో మిషన్ పెట్టుకున్నాను. మా ఆయన హాయిగా నిద్రపోయారు, నేను కుట్టుకున్నాను. మావయ్య చొక్కాలకి గుండీలు ఊడితే గోడ మీంచే అందించేవారు, గోడ మీంచే తీసుకునేవారు. "లోపలికి రండి మావయ్యా, టీ తాగుదురు" అని ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. "ఇక్కడికే ఇయ్యి, ఇక్కడ గాలాడతంది" అనేవారు. లోపలికొస్తే బాగుందని అనాల్సి వస్తుందని ముసలాయనకి తెలుసు.

మంగళవారం ఒకటే వాన. అందరి కప్పులూ బాగుచేసిన ఆయన సొంత వసారా ఏనాడూ పట్టించుకోలేదు, నాలుగు చోట్ల కారుతుంది. మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలో తోచక అత్త గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "మా షెడ్డులోకి తెండి" అన్నాను. పరాయి శవాన్ని ఎవరైనా ఇంట్లోకి పిలుచుకుంటారా అని వెనకాల ఎవరో గొణిగారు. "మావయ్య పరాయోడేటి? తెండి ముందు!" అని అరిచాను. మిషన్ పక్కకి జరిపి చాప నేనే పరిచాను.

నలుగురూ మోసుకొచ్చి పడుకోబెట్టారు. రేకుల మీద వాన దడదడలాడుతోంది. ఆయన తల దగ్గర కూర్చుని పైకి చూశాను. వరసలో ఒక్కో మేకునీ చూశాను.

"సూసుకో మావయ్యా" అన్నాను, "ఎక్కడైనా కారతందేమో సూసుకో."

సాయంత్రం తీసుకెళ్ళేదాకా వాన వదల్లేదు. ఆయన మొహం పొడిగానే ఉంది.