అమ్మ పళ్ళు, సీసపు గుళ్ళు

మోకాళ్ళ నొప్పులకు డాక్టరుగారు కాల్షియం మాత్రలు రాసిచ్చినప్పటి నుంచి, టిఫినయ్యాక ఆ మాత్ర చేతిలోకి తీసుకోగానే మా వదినే గుర్తుకొస్తోంది. మన వయసువాళ్ళకు ఈ మాత్రలు ఎటూ తప్పవు కానీ, కాల్షియం అన్న మాట నేను మొదట విన్నది మందుల షాపులో కాదు, అంతర్వేదిలో మా ఇంటి అరుగు మీద, వలల మధ్య.

మాది చేపల వేట మీద బతికిన ఇల్లు. వల నీట మునగాలంటే అడుగు తాడుకి వరసగా సీసపు గుళ్ళుండాలి. చీలికున్న గుండుని తాడుకి తొడిగి, పళ్ళతో కొరికి మూసేవారు. ఆ పనిలో మా అమ్మని మించినవాళ్ళు రేవులో లేరు. మమ్మల్ని తిడుతూనే, బుగ్గన గుళ్ళు దాచుకుని టకటకా కొరికేసేది. అలాంటి మనిషి ఒక ఏడు కడుపునొప్పితో మెలికలు తిరగడం మొదలుపెట్టింది; తరవాత మణికట్టు వాలిపోయి వలసూది జారిపోసాగింది. ఏదో గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. అమ్మ తన చేతులు చూసుకుని ఏడుస్తుంటే నాకు భయం వేసింది.

రాజోలు కాలేజీలో జువాలజీ చెప్పే మా వదిన కాపురానికి వచ్చింది ఆ రోజుల్లోనే. అమ్మ గుళ్ళు కొరకడం చూసి, అన్నయ్యని వెంటబెట్టుకుని కాకినాడ తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించింది. సీసమే. మందులు మొదలుపెట్టాక, ఒంట్లోని కణాల్లోకి కాల్షియం రావడానికి సన్నటి ద్వారాలుంటాయనీ, సీసం కూడా కాల్షియంలాగే నటించి వాటిలోంచే దూరి నరాలను పాడుచేస్తుందనీ, తిండిలో కాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని మరింత పీల్చుకుంటాయనీ అమ్మకు విడమరిచి చెప్పింది. పెళ్ళివారిలో కలిసిపోయి పంక్తిలో కూర్చున్న దొంగలాంటిదట సీసం. ఎంత చక్కగా చెప్పిందో!

అమ్మ అదంతా నమ్మింది కానీ, గుళ్ళు నొక్కడానికి వదిన కొనుక్కొచ్చిన ప్లయరుని మాత్రం నమ్మలేదు.

“ఇనుంతో నొక్కితే తాడు తెగిపోద్దమ్మా, పళ్ళకైతే ఎంత నొక్కాలో తెలుస్తాది.”

“ఆయ్, మీరు పక్కన కూర్చుని చెప్పండత్తయ్యగారూ, నేను నొక్కుతాను” అంది వదిన.

కాలేజీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, కుచ్చెళ్ళు దోపుకుని వల ముందు కూర్చునేది. ఎన్ని తాళ్ళు తెంపిందో! అమ్మ తిట్టేది, ఆవిడ నవ్వేది. చివరికి తాడు చెక్కుచెదరకుండా గుండు మూసిన రోజున అమ్మ దాన్ని వేలితో తడిమి చూసి, ఇంకో గుండు వదిన ముందుకు జరిపింది. చేతులు తేరుకున్నాక తనూ ప్లయరే పట్టింది, అమ్మని చూసి రేవంతా పట్టింది. చదువుకున్నవాళ్ళను చాలామందిని చూశాను గాని, అత్త పని నేర్చుకుని మరీ అత్తని కాపాడుకున్న మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు వలలు గుళ్ళతో సహా షాపులోనే దొరుకుతున్నాయి. ఎవరి నోట్లోనూ సీసం లేదు, మంచిదే. కానీ అరుగు మీద ఆ తిట్లూ నవ్వులూ కూడా లేవు, ఆ ఇద్దరూ లేరు. అమ్మ మాత్రం చివరిదాకా తన అన్నం తన చేత్తోనే కలుపుకుంది. మొదటి ముద్ద ఎప్పుడూ వదినకే పెట్టేది.