తాళం వేలాడే రెండు వారాలు

“పోయినసారీ ఆవగింజంత పనే అన్నావు. అది మోసేసరికి నా మెడ విరిగింది. కాస్త జరగవయ్యా, కంప్యూటరు తెర కనబడటం లేదు.”

మరిదిని అలా పక్కకు నెట్టి ఆమె నాకు కుర్చీ చూపించింది. పక్కింటివాణ్ణి కదా, వాళ్ళ తగవులు నాకు కొత్త కాదు.

ఆసుపత్రుల్లో వరస చీటీలిచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఆరు వారాలకోసారి విడుదల చేయించడం ఆమె ఉద్యోగం. మొదటి నాలుగు వారాలు కొత్త సదుపాయాలు ఎన్నైనా చేర్చుకోవచ్చు. చివరి రెండు వారాలు మాత్రం ఉన్నవాటికి మరమ్మతే. ఆ రెండు వారాలూ వంటింటి గుమ్మం పక్కన ఆమె పనులు రాసుకునే బోర్డుకి చెవి ఎప్పుడో పోయిన ఇత్తడి తాళమొకటి వేలాడుతుంది. ఆఫీసువాళ్ళు ఆమెను తాళం అక్క అంటారు.

తాళం నిన్ననే ఎక్కింది. ఆమె పనిచేసే కంపెనీ సరుకే అమ్మే మరిది ఇవాళే ఊడిపడ్డాడు.

“కంటాసుపత్రి డాక్టరుగారికి మాటిచ్చేశాను వదినా. వరస రాగానే రోగి ఫోన్‌కి మెసేజ్ వెళ్ళాలి. వచ్చే విడుదలలో లేకపోతే వేరే కంపెనీ చూసుకుంటారు.”

“పోయినసారి ఏమైందమ్మా?” అన్నాను.

“ఈయనగారి కోసం తాళం తీశాను అన్నయ్యగారూ. పెద్దవాళ్ళని ముందు పిలిచే ఏర్పాటు. సరిచూసే టైమేదీ? తెల్లారేసరికి వరస తల్లకిందులు! ఆఖర్న వచ్చినవాళ్ళని ముందు పిలుస్తోంది. నేనే ఆ కంటాసుపత్రికి పరిగెత్తి, నిలబడి నంబర్లు అరిచాను. ఆ రోజు సాఫ్ట్‌వేరంటే నా గొంతే.” నవ్వింది. “ఒక ముసలాయన ఆరింటికే వచ్చాడట. కళ్ళల్లో చుక్కలు వేయించుకుని, ఏమీ కనబడక, మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు.” ఈసారి నవ్వలేదు.

“సరే, ఆసుపత్రి పోతుంది. నీ తాళం మిగులుతుంది. ముద్దు పెట్టుకో,” అన్నాడు మరిది.

ఆమె ఆ ఆసుపత్రి కౌంటరుకే ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

“ఏమ్మా, రోగులకి మెసేజ్‌లు ముందు కావాలా, ఇంకేమైనానా?”

“మెసేజ్‌ల మాట తర్వాత మేడమ్! చీటీ మిషను మధ్యమధ్యలో బిగుసుకుపోతోంది. పొద్దున్న డాక్టరుగారు నా మీద కేకలేసింది దానిగురించే. చీటీయే లేకపోతే మెసేజ్ చూపించి లోపలికి పోతారా?”

మరిది ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు.

“మరి నా మాట?” అన్నాడు.

“తాళం దిగిన రోజు మొదటి పని నీదే.” ఆ పనిని బోర్డు మీద అన్నిటికన్నా పైన రాసింది. “డాక్టరుగారికి నేనే చెప్తాను. నువ్వు పక్కన నిలబడి తలూపు, చాలు.”

అతను తలూపడం అక్కడే సాధన చేసి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

“ఇక్కడ నేను వంద చీటీలు తీసినా ఒక్కటీ ఆగదు. అక్కడే ఆగుతుంది, మాయదారిది. అన్నయ్యగారూ, రేపు మీ కళ్ళ పరీక్ష అక్కడేగా? కౌంటరు ఎదురుగా కూర్చోండి. ఎవరు ఏం నొక్కాక ఆగుతుందో చూసి చెప్పండి. అదీ చుక్కలు వేయకముందే సుమా!”